రాణి ఎలిజబెత్ ఐర్లండ్ పర్యటన (2011)

బ్రిటిష్ రాణి రెండో ఎలిజబెత్ 2011 మే 17 నుంచి 20 వరకు ఐర్లండ్ గణతంత్రంలో అధికారికంగా పర్యటించారు. ఆహ్వానించినది ఆ దేశాధ్యక్షురాలు మేరీ మెకాలీస్. ఐర్లండ్ స్వతంత్రమయ్యాక బ్రిటిష్ సింహాసనం మీద ఉన్నవారు ఆ గడ్డ మీద కాలుపెట్టడం అదే మొదలు. అంతకు ముందు వచ్చినవాడు ఆమె తాత అయిదో జార్జ్. అది 1911 జులై. అప్పటికి ఐర్లండ్ అంతా లండన్ ఏలుబడిలో ఉంది. లండన్ నుంచి డబ్లిన్‌కు విమానంలో గంట ప్రయాణం. 59 ఏళ్ల పాలనలో వందకు పైగా దేశాలు తిరిగిన రాణికి ఈ గంట దూరం రావడానికి 85 ఏళ్లు నిండాల్సివచ్చింది. నాలుగు రోజుల్లో శతాబ్దాల పగ మాసిపోయిందన్నట్టుగా ఈ పర్యటన గురించి రాసినవారున్నారు. అది అతిశయోక్తి. రాచ పర్యటనలు స్నేహాన్ని పుట్టించవు. మంత్రులూ అధికారులూ ఏళ్ల తరబడి కూర్చుని తేల్చుకున్న సంగతిని జనం కంటికి కనబడేలా చేస్తాయి, ఆపైన ఎవరూ సులువుగా వెనక్కి తగ్గలేని స్థితి తెస్తాయి. అదైనా రెండు షరతుల మీద. వచ్చినవారూ పిలిచినవారూ సమాన హోదాలో ఉండాలి. తగాదా అప్పటికే రాజకీయంగా తెగి ఉండాలి. ఈ రెండూ లేని రాచ పర్యటనలు ఐర్లండ్ చాలా చూసింది. రెండూ కుదిరినది 2011లోనే. ఏది పనిచేస్తుందో, ఏది చేయదో పోల్చి చూడడానికి ఇంతకంటె అనువైన చోటు దొరకడం కష్టం.

ఏలినవారి రాకలు

1821లో నాలుగో జార్జ్ డబ్లిన్ వచ్చి వెళ్లాడు. అతను ఓడ ఎక్కిన రేవుకు కింగ్‌స్టౌన్ అని పేరు పెట్టారు. 1849లో విక్టోరియా రాణి దక్షిణ తీరంలో కోవ్ అనే రేవులో దిగింది, దాని పేరు క్వీన్స్‌టౌన్ అయింది. బంగాళదుంప తెగులుతో మొదలైన మహా క్షామం అప్పటికింకా పూర్తిగా తగ్గలేదు. ఆ కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కి దేశం విడిచారు. అయినా రాణిని చూడడానికి జనం విరగబడి వచ్చారు, జేజేలు కొట్టారు. 1900లో ఆమె మళ్లీ వచ్చేసరికి గాలి కొంత మారింది. దక్షిణాఫ్రికాలో సాగుతున్న బోయర్ యుద్ధానికి ఐరిష్ కుర్రాళ్లను సైన్యంలోకి లాగడానికే ఈ రాక అని జాతీయవాదులు అనుమానించారు. వారిలో ఒకరైన మాడ్ గాన్ ఆమెను ‘కరువు రాణి’ అని పత్రికలో రాసింది, ఆ సంచికను పోలీసులు జప్తు చేశారు. 1903లో ఏడో ఎడ్వర్డ్ వచ్చినప్పుడు స్వాగత పత్రం ఇవ్వబోమని డబ్లిన్ నగరపాలక సంస్థ తీర్మానించింది. ఇన్ని నిరసనలున్నా 1911లో అయిదో జార్జ్‌కు వీధుల్లో ఘనస్వాగతమే దొరికింది. ఆ జనసందోహాన్ని చూసి ఐర్లండ్ రాచరికానికి విధేయంగా ఉందని నమ్మినవారు లండన్‌లో తక్కువేం కాదు.

ఆ నమ్మకం అయిదేళ్లు కూడా నిలవలేదు. 1916 ఏప్రిల్‌లో, ఈస్టర్ మర్నాడు, డబ్లిన్‌లో తిరుగుబాటు లేచింది. దాని నాయకులను బ్రిటిష్ సైన్యం వరసగా కాల్చి చంపింది. చూస్తూ ఊరుకున్న జనం కూడా ఆ మరణశిక్షలతో తిరుగుబాటు పక్షానికి మళ్లారు. ఆ రోజుల డబ్లిన్‌ను దగ్గరగా చూసిన తెలుగువారొకరున్నారు. తర్వాత భారత రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి 1913 నుంచి 1916 దాకా అక్కడ న్యాయశాస్త్రం చదివారు. ఐరిష్ జాతీయవాదులతో సంబంధాలున్నాయన్న అనుమానం మీద, తిరుగుబాటు అణగిన కొద్ది వారాలకే ఆయన దేశం విడవాల్సివచ్చింది. రాజుగారికి జేజేలు పలికిన ఊరు నుంచే ఆయన సామ్రాజ్య వ్యతిరేకత నేర్చుకుని బరంపురం తిరిగొచ్చారు. ఐర్లండ్‌లో 1919 నుంచి 1921 వరకు స్వాతంత్ర్య యుద్ధం సాగింది. 1921 డిసెంబరు 6న ఒప్పందం కుదిరి, ద్వీపంలో ఇరవయ్యారు కౌంటీలు విడిపోయాయి, ఈశాన్యాన ఆరు కౌంటీలు బ్రిటన్‌లోనే ఉండిపోయాయి. ఈ కల్లోలంలో కింగ్‌స్టౌన్ పోయి డన్ లేరీ అయింది, క్వీన్స్‌టౌన్ పోయి కోవ్ అయింది. ఏలేవాడు ఏలుబడిలోని ఊరికి రావడం తనిఖీ అవుతుంది, స్నేహం కాదు. ఆ తనిఖీలో చప్పట్లు ఎన్ని మోగాయో లెక్కపెట్టి ప్రజల మనసు చదవబోతే ఏమవుతుందో 1911 చెబుతుంది. అదే జార్జ్ అదే ఏడాది డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో కూర్చుని, కొత్తగా గద్దెనెక్కిన ఏడో నిజాంతో సహా సంస్థానాధీశుల వందనాలు అందుకున్నాడు. ఆ వందనాల విలువ కూడా మూడున్నర దశాబ్దాల్లో తేలిపోయింది.

తగాదా తెగిన తీరు

1922 తర్వాత దాదాపు తొంభై ఏళ్ల పాటు రాచ పర్యటన జరగకపోవడానికి మొండితనం ఒక్కటే కారణం కాదు. 1937 నాటి ఐరిష్ రాజ్యాంగం రెండు, మూడు అధికరణాల్లో ఉత్తర ఐర్లండ్ కూడా తమ భూభాగమేనని చెప్పుకుంది. 1949లో ఐర్లండ్ గణతంత్రమై కామన్వెల్త్ విడిచిపోయింది. ఉత్తరాన 1960ల చివర మొదలైన హింస మూడు దశాబ్దాలు సాగి మూడున్నర వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. 1972 జనవరి 30న డెరీ పట్టణంలో పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ పారాచూట్ రెజిమెంటు కాల్పులు జరిపి పదమూడు మందిని అక్కడికక్కడ చంపింది. మూడో రోజున డబ్లిన్‌లో జనం బ్రిటిష్ రాయబార కార్యాలయాన్ని తగలబెట్టారు. 1979 ఆగస్టు 27న ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) పడవలో బాంబు పెట్టి, రాణి భర్త ఫిలిప్‌కు మేనమామ అయిన లార్డ్ మౌంట్‌బాటన్‌ను చంపింది. మనకు చివరి వైస్రాయిగా తెలిసిన మనిషే ఆయన. పడవలో ఉన్న ఇద్దరు కుర్రాళ్లు కూడా పోయారు. ఇటువంటి రోజుల్లో రాణి డబ్లిన్ వచ్చి విందు ఆరగించి వెళ్తే, ఉత్తరాన బ్రిటన్‌తో ఉండాలనేవారికీ, ఐర్లండ్‌లో కలవాలనేవారికీ అది కొత్త గాయమయ్యేది.

దారి తెరిచింది రాజకీయం. 1998 ఏప్రిల్ 10న కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందం ఉత్తర ఐర్లండ్ భవిష్యత్తును అక్కడి ప్రజల మెజారిటీ తీర్పుకు వదిలింది. ఆ మే నెలలో గణతంత్రంలోని ఓటర్లు 94 శాతం మంది అవునని చెప్పి, రాజ్యాంగంలోని భూభాగ దావాను తామే వదులుకున్నారు. 2005లో ఐఆర్ఏ ఆయుధాలు పక్కన పెట్టింది. 2007లో బద్ధవైరులైన బ్రిటన్ పక్షపు నేత ఇయన్ పెయిస్లీ, ఐఆర్ఏ మాజీ నాయకుడు మార్టిన్ మెక్‌గిన్నెస్ ఒకే మంత్రివర్గంలో కూర్చున్నారు. 2010 ఏప్రిల్‌లో పోలీసు, న్యాయ శాఖల అధికారం లండన్ నుంచి బెల్ఫాస్ట్‌కు బదిలీ అయింది. ఆ బదిలీ పూర్తయ్యాకే రాణి పర్యటన మాట ఎత్తాలని డబ్లిన్ పట్టుపట్టి కూర్చుంది. ఆ జూన్‌లోనే సావిల్ విచారణ నివేదిక వచ్చింది. డెరీలో చనిపోయినవారు నిరాయుధులని, ఆ కాల్పులకు సమర్థన లేదని అది తేల్చింది. ప్రధాని డేవిడ్ కామెరాన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఏడాది తిరక్కుండానే రాణి డబ్లిన్‌లో దిగారు. ఈ వరసను తారుమారు చేసి, రాణి పర్యటనను 1990ల్లోనే పెట్టి ఉంటే శాంతి తొందరగా వచ్చేదనడానికి ఆధారం ఒక్కటీ లేదు.

ఈ మధ్యకాలంలో చిన్నచిన్న అడుగులు కూడా పడ్డాయి. 1993లో అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు వెళ్లి రాణిని కలిశారు. 1995లో యువరాజు చార్లెస్ డబ్లిన్ వచ్చారు. 1998 నవంబరు 11న బెల్జియంలోని మెసీన్‌లో మొదటి ప్రపంచ యుద్ధపు ఐరిష్ సైనికుల స్మారకాన్ని మెకాలీస్, ఎలిజబెత్ కలిసి ప్రారంభించారు. ఇవన్నీ జనం ఏమంటారో చూసుకుంటూ వేసిన అడుగులు. వాటిలో అన్నిటికన్నా గట్టి పరీక్ష రాజకీయ వేదిక మీద కాక ఆటస్థలంలో జరిగింది. ఐరిష్ దేశీయ క్రీడలైన గేలిక్ ఆటల కేంద్రం, డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో ఇతర ఆటలకు చోటులేదన్న నిబంధనను 2005లో సడలించారు. 2007 ఫిబ్రవరిలో అక్కడ ఇంగ్లండుతో రగ్బీ పోటీ జరిగింది. బ్రిటిష్ జాతీయగీతం మోగినప్పుడు ఎనభై వేల మంది ప్రేక్షకులు మర్యాదగా నిలబడ్డారు. అధికారులకు కావలసిన సమాధానం అక్కడ దొరికింది.

నాలుగు రోజులు

రాణి విమానం బాల్డొనెల్ సైనిక విమానాశ్రయంలో దిగింది. దాని అధికారిక నామం కేస్‌మెంట్ విమానాశ్రయం. 1916లో రాజద్రోహం నేరం మీద లండన్‌లో ఉరితీసిన రోజర్ కేస్‌మెంట్ పేరు అది. ఆకుపచ్చ కోటులో మెట్లు దిగిన రాణికి దారిపొడవునా ఇటువంటి పేర్లే ఎదురయ్యాయి. కార్యక్రమాన్ని కూర్చినవారు వాటిని తప్పించలేదు, ఏరి ముందుపెట్టారు. ఈ పర్యటన బలం అందులోనే ఉంది. గుర్రపు శాలలు, గిన్నెస్ కర్మాగారం, పురాతన గ్రంథం చూపించి పంపడం సులువు. అవీ చూపించారు. వాటి చుట్టూ వ్యాసం రాయనక్కర్లేదు.

మొదటి రోజు మధ్యాహ్నం పార్నెల్ స్క్వేర్‌లోని స్మృతివనానికి వెళ్లారు. తిరుగుబాటు జరిగిన యాభై ఏళ్లకు, 1966లో, ఐరిష్ స్వేచ్ఛ కోసం చనిపోయినవారందరి పేర దాన్ని ప్రారంభించారు. అంటే బ్రిటిష్ రాజ్యం మీద తుపాకీ ఎత్తినవారి స్మారకం. రాణి అక్కడ పుష్పగుచ్ఛం ఉంచి తల వంచారు. దేశ సైన్యాలకు అధిపతిగా ఉన్న వ్యక్తి, ఆ సైన్యాలు కాల్చి చంపినవారి ముందు తల వంచడం ఆ పదవికి కొత్త. ఆ దృశ్యాన్ని టెలివిజన్‌లో చూసినవారికి వ్యాఖ్యానం అవసరం లేకపోయింది. మర్నాడు ఐలండ్‌బ్రిడ్జ్ యుద్ధ స్మారక వనానికి వెళ్లారు. న్యూఢిల్లీని తీర్చిన ఎడ్విన్ లుటియన్స్ దీన్ని కూడా రూపొందించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో చేరి చనిపోయిన 49,400 మంది ఐరిష్ సైనికుల స్మారకం ఇది. స్వతంత్ర ఐర్లండ్ వీరిని ఏం చేసుకోవాలో తెలియక చాలా ఏళ్లు పట్టించుకోలేదు, వనం పాడుపడి ఎనభైల చివరలో గాని బాగుపడలేదు. ఈ రెండో చోటును వదిలేస్తే పర్యటన అర్థం సగమే తెలుస్తుంది. మొదటి వనంలో బ్రిటన్ తన కంటికి శత్రువులైనవారిని గౌరవించింది. రెండో వనంలో ఐర్లండ్ తాను మరుగుపరచిన సొంత బిడ్డలను గుర్తు చేసుకుంది. ఇద్దరికీ ఒంటబట్టని పని ఒక్కొక్కటి పెట్టడం వల్ల ఎవరూ ఓడినట్టు కాలేదు.

అదే రోజు క్రోక్ పార్క్‌కు వెళ్లారు. 1920 నవంబరు 21 ఉదయం ఐఆర్ఏ డబ్లిన్‌లో బ్రిటిష్ గూఢచారులను ఇళ్లలో చొరబడి చంపింది. మధ్యాహ్నం బ్రిటిష్ బలగాలు ఈ మైదానంలోకి దూసుకొచ్చి ఆట చూస్తున్న జనం మీద కాల్పులు జరిపాయి. పద్నాలుగు మంది చనిపోయారు. వారిలో టిప్పరరీ జట్టు ఆటగాడు మైకేల్ హోగన్ ఉన్నాడు. మైదానంలో ఒక స్టాండుకు నేటికీ అతని పేరే. బ్రిటిష్ పోలీసులనూ సైనికులనూ సభ్యులుగా చేర్చుకోకూడదన్న నిషేధాన్ని గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 2001 వరకు పాటించింది. ఆ సంస్థ రాణికి ఆతిథ్యమిచ్చింది. ఉత్తర కౌంటీల ప్రతినిధులు కొందరు రాలేదు. వారి గైర్హాజరును ఎవరూ దాచలేదు కూడా. రాత్రి డబ్లిన్ కోటలో విందు. 1922 జనవరిలో ఐరిష్ నేత మైకేల్ కాలిన్స్‌కు అప్పగించేదాకా బ్రిటిష్ పాలన అంతా నడిచిన కోట ఇది. రాణి తన ప్రసంగాన్ని ఐరిష్ భాషలో, అధ్యక్షురాలినీ మిత్రులనూ ఉద్దేశించి మొదలుపెట్టారు. మెకాలీస్ ఆశ్చర్యం ఆపుకోలేక పక్కవారి వైపు తిరిగిన దృశ్యం కెమెరాలకు చిక్కింది. కొన్ని పనులు మరోలా చేసి ఉండాల్సిందని, కొన్ని అసలు చేయకుండా ఉండాల్సిందని ఇప్పుడు వెనక్కి చూస్తే అనిపిస్తుందని రాణి అన్నారు. ‘క్షమాపణ’ అనలేదు. చివరి రోజున కార్క్ నగరంలో ఇంగ్లిష్ మార్కెట్‌లో చేపలమ్మేవారితో నవ్వుతూ మాట్లాడారు, బయట జనంలోకి నడిచారు. నాలుగు రోజుల్లో మామూలు పర్యటనలా కనిపించిన గంట అదొక్కటే.

ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ రాచరికం మీదే. రాణికి అధికారం లేదు, ఆమె మాట్లాడేది మంత్రులు ఒప్పుకున్న మాటలే, అటువంటి మనిషి తల వంచితే ఏం, వంచకపోతే ఏం అని. వాదంలో మొదటి సగం నిజం. కాని దాని నుంచి తీసిన ముగింపు నిలవదు. ప్రధానమంత్రి క్షమాపణ చెబితే అది ఒక పార్టీ మాట, ఒక ఎన్నికల కాలపు మాట. తర్వాతి ప్రధాని దాన్ని చిన్నబుచ్చవచ్చు. 1911లో వచ్చిన రాజుకూ 2011లో వచ్చిన రాణికీ మధ్య పదవి తెగలేదు. గాయం చేసింది ఏ రాజ్యమో ఆ రాజ్యమే వచ్చింది అన్న భావన ఎన్నికైన నాయకుడితో రాదు. ఈ ఒక్క పనికి వంశపారంపర్య పదవి అక్కరకొస్తుందని ఒప్పుకోవడానికి రాచరిక భక్తి అవసరం లేదు. అయితే ఇదే తర్కం రెండోవైపు కూడా కోస్తుంది. డెరీలో కాల్చిన పారాచూట్ రెజిమెంటుకు గౌరవాధిపతి అప్పటి యువరాజు చార్లెస్. పదవి ద్వారా గౌరవం వస్తే, పదవి ద్వారా బాధ్యత కూడా వస్తుందని విమర్శకులు అనడం న్యాయమే.

రెండోది జనం లేని వీధుల గురించి. ఐరిష్ రాజ్యం అప్పటిదాకా ఎరుగనంత భద్రత ఏర్పాటు చేశారు. రాకకు ముందు రాత్రి మేనూత్ దగ్గర బస్సులో నాటుబాంబు దొరికింది. డబ్లిన్ నడిబొడ్డున వీధులు మూసేశారు, రాణి కారు ఖాళీ రోడ్ల మీద సాగింది. ప్రజలను దూరం పెట్టి ప్రజల మధ్య స్నేహం అనడం ఎబ్బెట్టుగానే ఉంది. కాని 1849లోనూ 1911లోనూ వీధులు కిటకిటలాడాయి, వాటి వల్ల ఒరిగిందేమీ లేదు. జనాన్ని కొలబద్దగా పెట్టుకోవడమే తప్పు. ఆ రోజు ఇష్టంగా వచ్చినవారిని చూసి ఏమీ తేల్చలేం. రాబోమన్నవారు ఆ తర్వాత ఏం చేశారో చూడాలి.

ఐర్లండ్‌లో ఆ కొలత తీసుకోవడం సాధ్యమే. 2011లో ఐఆర్ఏతో అనుబంధమున్న షిన్ ఫేన్ పార్టీ పర్యటనను బహిష్కరించింది. ఆ పార్టీకే చెందిన క్యాషెల్ పట్టణ మేయరు మాత్రం రాణి వచ్చినప్పుడు చేయి కలిపాడు. 2012 జూన్ 27న బెల్ఫాస్ట్‌లో మార్టిన్ మెక్‌గిన్నెస్ రాణితో కరచాలనం చేశాడు. 2014 ఏప్రిల్‌లో ఐరిష్ అధ్యక్షుడు మైకేల్ డి. హిగ్గిన్స్ బ్రిటన్‌కు వెళ్లారు. ఐరిష్ దేశాధినేత బ్రిటన్‌లో పూర్తి రాజ మర్యాదలతో స్టేట్ విజిట్ జరపడం అదే మొదటిసారి. విండ్సర్ కోటలో ఇచ్చిన విందుకు మెక్‌గిన్నెస్ కూడా హాజరయ్యాడు. 2015లో గాల్వేలో షిన్ ఫేన్ నేత గెరీ ఆడమ్స్, చార్లెస్ కరచాలనం చేసుకున్నారు. మౌంట్‌బాటన్ చనిపోయిన మలామోర్ తీరానికి చార్లెస్ అప్పుడే వెళ్లారు. 2023 మే 6న చార్లెస్ పట్టాభిషేకానికి షిన్ ఫేన్ నాయకురాలు మిషెల్ ఓ నీల్ హాజరయ్యారు. ఇదంతా ఓట్ల లెక్కేనని, మనసు మార్పు కాదని అంటారు. ఓట్ల లెక్కే కావచ్చు. 2011లో బహిష్కరించి తాము ప్రజల ఆలోచనకు వెనకబడ్డామని ఆ పార్టీ గ్రహించింది. ఏ పని చేస్తే ఓట్లు పోతాయో, ఏ పని చేస్తే రావచ్చో అన్న లెక్కను ఒక పర్యటన మార్చగలిగితే, దౌత్యం అంతకంటె సాధించేది ఎక్కువేం ఉండదు.

ఇతర పర్యటనల సాక్ష్యం

ఈ వాదానికి ఎదురుగా చూపించదగ్గ ఉదాహరణ పారిస్. 1903 మే నెలలో ఏడో ఎడ్వర్డ్ పారిస్ వెళ్లాడు. వీధుల్లో మొదట బోయర్లకు జై అంటూ అరుపులు వినిపించాయి, వెళ్లే రోజుకు రాజుకే జై అన్నారు. 1904 ఏప్రిల్ 8న ఇంగ్లండు, ఫ్రాన్సు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ముందు పర్యటన, తర్వాత ఒప్పందం. వరస తిరగబడినట్టే ఉంది. కాని ఒప్పందంలో ఉన్నది ఎడ్వర్డ్ మాటకారితనం కాదు. ఈజిప్టులో బ్రిటన్‌కు ఫ్రాన్సు అడ్డుపడదు, మొరాకోలో ఫ్రాన్సుకు బ్రిటన్ అడ్డుపడదు అన్న బేరం. ఫ్రెంచి విదేశాంగ మంత్రి డెల్కాసే ఇంగ్లండుతో సర్దుబాటును చాలాకాలంగా కోరుకుంటున్నాడు, పెరుగుతున్న జర్మనీని చూసి ఇద్దరికీ భయముంది. ఫ్రెంచి ప్రజల అభిప్రాయాన్ని రాజు మెత్తబరిచాడనడం నిజం. ఒప్పందాన్ని చేశాడనడం నిజం కాదు. పైగా ఇక్కడ రెండు స్వతంత్ర శక్తులు సమానంగా కూర్చున్నాయి. అదే ఎడ్వర్డ్, అదే ఏడాది వేసవిలో డబ్లిన్ వెళ్లాడు. మనిషి అతనే, చతురత అదే, ఫలితం మాత్రం ఏమీ లేదు.

మనకు దగ్గరి ఉదాహరణ అమృత్‌సర్. 1983 నవంబరులో ఎలిజబెత్ హైదరాబాదు వచ్చి, తమ 36వ పెళ్లిరోజున బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థన చేశారు. అటువంటి మర్యాద పర్యటనల్లో ఫొటోలు మిగులుతాయి, అంతకు మించి ఎవరూ ఆశించరు. 1997 అక్టోబరు వేరు. స్వతంత్ర భారతానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా వచ్చిన రాణి జలియన్‌వాలా బాగ్‌లో పుష్పగుచ్ఛం ఉంచి మౌనం పాటించారు. ముందురోజు ఢిల్లీ విందులో, ఎంత కోరుకున్నా చరిత్రను తిరగరాయలేమని అన్నారు. పద్నాలుగేళ్ల తర్వాత డబ్లిన్ కోటలో అన్నదానికి ఇది దాదాపు తోబుట్టువు. అయినా ఆ పర్యటన చేదుగా ముగిసింది. బాగ్‌లోని ఫలకం మీద మృతుల సంఖ్య ఎక్కువ చేసి రాశారని, ఆ సంగతి డయ్యర్ కొడుకే తనకు చెప్పాడని ఫిలిప్ అక్కడికక్కడే నోరుజారారు. అంతకు ముందే పాకిస్తాన్‌లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ కాశ్మీరు మధ్యవర్తిత్వం మాట ఎత్తి ఢిల్లీకి కోపం తెప్పించారు. రాణి ఒకరే, పుష్పగుచ్ఛం ఒకటే, మాటల తీరూ ఒకటే. తేడా అంతా ముందు జరిగిన పనిలో ఉంది. డబ్లిన్‌కు వెళ్లేనాటికి డెరీ కాల్పుల మీద పన్నెండేళ్ల విచారణ, పార్లమెంటులో క్షమాపణ పూర్తయ్యాయి. అమృత్‌సర్ విషయంలో రెండు ప్రభుత్వాల మధ్య అటువంటి కసరత్తేదీ లేదు, పుష్పగుచ్ఛం ఒంటరిగా బరువు మోయాల్సివచ్చింది.

జపాన్ చక్రవర్తి అకిహితో 1992 అక్టోబరులో చైనా వెళ్లడం ఇంకో పాఠం. అంతకు ముందు ఏ జపాన్ చక్రవర్తీ చైనా వెళ్లలేదు. చైనా ప్రజలకు తమ దేశం కలిగించిన బాధలకు ఆయన బీజింగ్‌లో గాఢమైన విచారం తెలిపారు. 1989 తియానన్మెన్ కాల్పుల తర్వాత పాశ్చాత్య దేశాలు విధించిన ఆంక్షల నుంచి బయటపడడానికి చైనాకు ఆ పర్యటన ఉపయోగపడింది. ఆ అవసరం తీరాక వెచ్చదనం చల్లారింది. యుద్ధ చరిత్ర మీద తగాదా తెగలేదు, జపాన్ యుద్ధ మృతులను స్మరించే యసుకుని ఆలయానికి ప్రధాని కొయిజుమి వరసగా వెళ్లడంతో అది రాజుకుంది, 2005లో చైనా నగరాల్లో జపాన్ వ్యతిరేక ప్రదర్శనలు చెలరేగాయి. చక్రవర్తి మాటల్లో లోపం లేదు. వాటి కింద నిలబడడానికి ఒప్పందం లేదు.

ఈ వాదానికి బ్రెగ్జిట్ గట్టి పరీక్షే. 2016 జూన్ 23న యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని బ్రిటన్ ఓటేసిన తర్వాత ఐర్లండ్ సరిహద్దు మళ్లీ తగాదా అయింది. తాను సంతకం పెట్టిన ఒప్పందాన్ని ఏకపక్షంగా మార్చడానికి 2022లో లండన్ బిల్లు తెచ్చింది, డబ్లిన్ మండిపడింది. 2011 స్నేహం అంత పెళుసుదా అని అడగడం సమంజసమే. ప్రయోజనాలు ఢీకొన్నప్పుడు పర్యటన జ్ఞాపకాలు వాటిని ఆపలేవు, అది ఒప్పుకోవాలి. కాని 1972లో రాయబార కార్యాలయం తగలబడింది. బ్రెగ్జిట్ ఏళ్లలో తగాదా ప్రకటనల్లో, కోర్టుల్లో, బ్రస్సెల్స్ సమావేశాల్లో నడిచింది, 2023 ఫిబ్రవరిలో విండ్సర్ ఒడంబడికతో సర్దుకుంది. 2022 సెప్టెంబరులో రాణి చనిపోయినప్పుడు డబ్లిన్‌లో ప్రభుత్వ భవనాల మీద జెండాలు సగానికి దించారు. పర్యటన తగాదాలను మాన్పలేదు, వాటిని మర్యాద హద్దులో ఉంచిన అనేక కారణాల్లో అదొకటి అనడం సరైన లెక్క.

మిగిలిన ఆక్షేపణకు మాత్రం జవాబు దొరకదు. రాణి దిగిన మే 17 మరో వార్షికోత్సవం. 1974లో అదే తేదీన డబ్లిన్‌లో మూడు, మోనహన్‌లో ఒకటి కారుబాంబులు పేలి 33 మంది పౌరులు చనిపోయారు. మూడు దశాబ్దాల హింసలో ఒక్కరోజులో ఇంతమంది పోవడం మరెప్పుడూ లేదు. బ్రిటన్‌తోనే ఉండాలనే ఉత్తర ఐర్లండ్ లాయలిస్టు ముఠాల పని అది. బ్రిటిష్ భద్రతా బలగాల్లో కొందరు సహకరించారన్న అనుమానం మీద విచారించిన న్యాయమూర్తి హెన్రీ బారన్, లండన్ నుంచి కావలసిన పత్రాలు అందలేదని 2003 నివేదికలో రాశారు. డెరీ మీద తగాదా తెగింది కాబట్టి స్మృతివనంలో తల వంచడానికి అర్థం వచ్చింది. డబ్లిన్, మోనహన్ మీద తెగలేదు కాబట్టి ఆ కుటుంబాల వరకు ఈ పర్యటన విఫలమే. ఆ పత్రాలు ఇవ్వాలని కోరుతూ ఐరిష్ పార్లమెంటు దిగువసభ 2008లో, రాణి వచ్చిన 2011లో, మళ్లీ 2016లో ఏకగ్రీవంగా తీర్మానించింది. 2024లో యాభయ్యో వార్షికోత్సవం నాటికి కూడా బాధిత కుటుంబాలు వాటినే అడుగుతున్నాయి.